పళ్ళెంలో చెయ్యి

మౌలాలికి తెల్లారి లేచింది మొదలు ఆకలే. మొహం కడుక్కునేటప్పుడు ఆకలి, నమాజుకు వంగినప్పుడు ఆకలి, వాకిలి ఊడుస్తున్నప్పుడు మరీ ఆకలి. అతను పనిచేస్తూ ఉండే గుట్ట మీది దర్గాలో సాయంత్రం పూట అందరూ కళ్ళు మూసుకుని అల్లా పేరు తలుచుకుంటుంటే, అతని మూసిన కళ్ళ ముందుకు మాత్రం నెయ్యి కారే హల్వా వచ్చి నిలబడేది. ఉలిక్కిపడి కళ్ళు తెరిచేవాడు. పక్కవాళ్ళు అది భక్తి పారవశ్యమనుకుని, ఇంకాస్త గౌరవంగా జరిగి చోటిచ్చేవారు.

అతనిది మొదట్నుంచీ భారీ విగ్రహం. ఆ ఒంటి గురించి ఏళ్ళ తరబడి ఏ దిగులూ లేదు. ఆ వేసవిలో నీళ్ళ బిందెతో గుట్ట ఎక్కుతూ మెట్ల మధ్యలో కూలబడ్డాడు. ఊపిరి అందలేదు. కింద ఊళ్ళోని హకీం నాడి పట్టి చూసి, "ఒళ్ళు తగ్గించుకోకపోతే గుండె తట్టుకోదు నాయనా" అన్నాడు. మరొకరైతే ఆ మాట విని ఊరుకునేవారేమో. కానీ మౌలాలి తండ్రి కూడా ఇలాంటి మనిషే. ఆయన కూడా ఒకరోజు దారిలో ఆయాసపడుతూ కూర్చున్నాడు, మళ్ళీ లేవలేదు.

అప్పటి నుంచి మౌలాలికి రెండు భయాలు పట్టుకున్నాయి. తింటే చస్తానని ఒకటి, తినకుండా ఉండలేనని ఇంకొకటి. ఈ రెండోదే అతన్ని ఎక్కువ కాల్చుకు తినేది.

చెయ్యని ప్రయత్నం లేదు. కడుపు నిండా నీళ్ళు తాగి చూశాడు. సోంపు నమిలాడు. తువ్వాలు తీసి పొట్టకు బిగించి కట్టాడు. చివరికి తనకు తానే ఒక కట్టడి పెట్టుకున్నాడు. పూటకు మూడంటే మూడు ముద్దలు, ఆ తర్వాత పళ్ళెం ముందు ఉండకూడదు. ఉంటే తినేస్తాడు, తన సంగతి తనకు తెలియదా! అందుకని ఆ మూడూ గబగబా మింగి, చెయ్యి కడుక్కుని, అన్నం కంటపడకుండా పెరట్లోకి పారిపోయేవాడు.

పారిపోతే ఆకలి ఊరుకుంటుందా? అదీ వెంటే వచ్చేది. వంట పాత్రలు తోమడం అతని పని. డేగిసా అడుగున పట్టిన మాడు గోకి, గోడవైపు తిరిగి నోట్లో వేసుకునేవాడు. ఒక గుప్పెడుతో ఆగేది కాదు. తిన్నాక అరచెయ్యి గుండె మీద ఆనించి, అది సరిగ్గా కొట్టుకుంటుందో లేదోనని బిక్కుబిక్కుమంటూ వినేవాడు. పైజామా బొందు ముడి మాత్రం ఎక్కడిదక్కడే ఉంది.

ఒక పొద్దున ఇక తట్టుకోలేక గురువు అమీనుల్లా షా దగ్గరికి వెళ్ళాడు. ఆయన నీరెండలో కూర్చుని చిరిగిన చాపకు కుట్లు వేసుకుంటున్నాడు. ఎండిన చింతబరికెలా ఉంటాడు మనిషి.

"హజ్రత్, ఈ ఆకలి సచ్చే దారేదన్నా చెప్పండి."

"ఎవురి ఆకలి?"

"నాదే. మీకేం, మీకు ఆకలే కాదు. దేవుని పేరుతోనే మీ కడుపు నిండుతాదని అందరూ అంటారు. నాకు అట్ల కాదే! నేను దాంతో కొట్లాడ్తానే ఉండా, అదే గెలుస్తాంది. మా నాయన మాదిరే నేనూ పోతానేమోనని భయమయితాంది హజ్రత్."

గురువు సూది చాపకు గుచ్చి అతని వైపు తిరిగాడు.

"ఈ పూట నా పళ్ళెం కాడ కూచో" అన్నాడు. అంతే. మళ్ళీ చాప అందుకున్నాడు.

మౌలాలికి ఏడుపొచ్చినంత పనైంది. ఆకలి చావడానికి మందడిగితే భోజనానికి పిలుస్తాడేమిటి ఈయన!

మధ్యాహ్నం భోజనాలకు దస్తర్ఖాను గుడ్డ పరిచారు. ఆ దర్గాలో విడివిడి కంచాలు ఉండవు. నలుగురికి కలిపి ఒక పెద్ద పళ్ళెం, అందులో ఎవరి ముందున్నది వాళ్ళు తినాలి. గురువు కూర్చున్నాడు, పక్కన మౌలాలి. వాళ్ళకు ఎదురుగా ఇద్దరు బాటసారులు: కంబళ్ళు అమ్ముకునే ముసలాయన కుళ్ళాయప్ప, ఆయన అల్లుడు. పొద్దున బయల్దేరి ఎండన పడి నడిచొచ్చారు, పెదాలు ఎండిపోయి ఉన్నాయి. పళ్ళెంలో కుష్కా అన్నం పెట్టి, మీద మాంసం ముక్కలేసి వండిన పప్పు, వేడి వేడి దాల్చా పోశారు.

మౌలాలి మూడు ముద్దలూ ఇలా పెట్టుకుని అలా మింగాడు. చెయ్యి వెనక్కి తీసుకుని లేవబోయాడు.

ఎదుటివాళ్ళ చేతులు ఆగిపోయాయి. కుళ్ళాయప్ప కలుపుతున్న ముద్దను పళ్ళెంలోనే వదిలేశాడు. మామను చూసి అల్లుడూ చెయ్యి తీసేశాడు.

"అదేంది, తినండి" అన్నాడు మౌలాలి.

"సాలు సామీ, కడుపు నిండింది" అన్నాడు ముసలాయన. ఆయన కళ్ళు మాత్రం ఇంకా అన్నం మీదే ఉన్నాయి.

అప్పుడు తెలిసొచ్చింది మౌలాలికి. ఒకే పళ్ళెంలో తినేటప్పుడు ఇంటివాళ్ళలో ఒక్కరు చెయ్యి తీసినా అతిథి తినడు. ఎంత ఆకలున్నా తినడు, అది పద్ధతి. మౌలాలికి తెలియనిదేం కాదు. దర్గాకు కొత్తగా వచ్చే వాళ్ళకు ఆ పద్ధతి నేర్పేదే అతను. తన కడుపు గోలలో పడి మరిచిపోయాడు. పెరట్లోకి పరుగెత్తిన పూటలన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. ఎంతమంది అర్ధాకలితో గుట్ట దిగిపోయారో! పళ్ళేల్లో అన్నం మిగులుతుంటే, ఆహా, ఎంత మితంగా తింటున్నారని మెచ్చుకున్నాడు కూడా. సిగ్గుతో అతని ఒళ్ళంతా చెమట పట్టింది.

గురువు మౌలాలి మణికట్టు పట్టుకుని, ఆ చేతిని తీసుకెళ్ళి మళ్ళీ పళ్ళెంలో పెట్టాడు.

"ఈడే ఉండనీ" అన్నాడు.

ముసలాయన మొహం తేటపడింది. వదిలేసిన ముద్దను మళ్ళీ అందుకున్నాడు.

ఇక చూడాలి మౌలాలి అవస్థ. చెయ్యి తియ్యడానికి లేదు, తినడానికి భయం. వేళ్ళ కింద అన్నం వెచ్చగా తగులుతోంది. ఆకలి కడుపులోంచి గొంతులోకి ఎగదన్నింది. ఇంకొక్క క్షణం ఇలాగే ఉంటే అందరి ముందూ రెండు చేతులతో తోడుకుని తినేస్తానేమోనని వణికిపోయాడు. దిక్కుతోచక, పక్కనున్న గురువు చేతివైపు చూశాడు.

ఆ చెయ్యి నాలుగు మెతుకులు దగ్గరికి తీసింది. మెల్లగా ముద్ద చేసింది. ఉసిరికాయంత కూడా లేదది. దాన్ని నోట్లో పెట్టుకుని ఆయన చాలాసేపు నమిలాడు. "మీ పక్క వానలెట్ల ఉండాయి?" అని అడిగాడు. ముసలాయన చెబుతుంటే విన్నాడు. తన ముందున్న మాంసం ముక్కను వేలితో అల్లుడి వైపు నెట్టాడు. చెదిరిన మెతుకులను మళ్ళీ దగ్గరికి చేర్చాడు. ఇంకో చిన్న ముద్ద. ఆయన చెయ్యి పళ్ళెం దగ్గర్నుంచి కదలనే లేదు, నోట్లోకి పోయిందంతా కలిపితే పిడికెడు ఉండదు.

మౌలాలి ఇన్నేళ్ళుగా ఈయనతో ఒకే పంక్తిలో తింటున్నాడు. ఒక్కనాడూ ఈ చెయ్యి చూడలేదు. తన ముందున్న అన్నం మీంచి తలెత్తితే కదా!

అతనూ నాలుగు మెతుకులు తీసుకున్నాడు. నమిలాడు. మింగెయ్యమని గొంతు తొందరపెట్టింది. అయినా నమిలాడు. కుళ్ళాయప్ప తన గొర్రెలకొచ్చిన జబ్బు గురించి చెబుతున్నాడు. వింటూ, తన ముందున్న ముక్కను ఆయన వైపు జరిపాడు. కొంచెం అన్నం కూడా జరిపాడు. అల్లుడు మొహమాటపడుతూనే శుభ్రంగా తిన్నాడు. ఆకలి కడుపులోనే ఉంది, కానీ ఇందాకటిలా మీద పడి కరవడం లేదు. ఎన్ని ముద్దలు తిన్నాడో మౌలాలి లెక్కపెట్టుకోలేదు. ఆ సంగతే మరిచిపోయాడు.

ముసలాయన తృప్తిగా తేన్చి, "ఇంగ సాలు సామీ, నిజంగానే సాలు" అని చెయ్యి తీశాడు. ఆ తర్వాత అల్లుడు, ఆ తర్వాత గురువు. అందరికంటే చివర్న మౌలాలి తీశాడు.

బాటసారులు నడుం వాల్చడానికి వెళ్ళారు. మౌలాలి చెంబు తెచ్చి గురువు చేతుల మీద నీళ్ళు పోశాడు. ఈ పూట ఎలాగో గడిచింది. మరి రేపు? ఎల్లుండి? ఈ బతుకంతా ఇంతేనా?

"ఆకలి పోలేదు హజ్రత్" అన్నాడు నేరం చేసినవాడిలా. "ఇంకా అట్లనే ఉంది."

గురువు తడి చేతుల్ని గడ్డానికి తుడుచుకున్నాడు.

"ఉండనీలే అబ్బీ. నాకూ ఉంది."