ఓటికుండ ఎవరిది?

వెనకటికి ఒక సంస్థానంలో రాజుగారు పనివాళ్ల సంబరం పెట్టి, ఒక్కొక్కరి కథను నాలుగు ముక్కల్లో సభలో చదవాలన్నారు. కుమ్మరి పోలయ్య కథను దివానుగారే రాశారు.

"ఈ పోలయ్య మట్టి పిసకడం కూడా రాని మొద్దు. దివానుగారు దగ్గర కూచోబెట్టి నేర్పారు. ఇతని ప్రతి కుండా దివానుగారి చలవే" అని చదివారు.

పోలయ్య తలెత్తలేకపోయాడు. పని నేర్పింది వాళ్ల అయ్య నాగులయ్య. నిన్న దివాను ఈ ముక్కలు వినిపిస్తే భయపడి, తలూపి వచ్చాడు. ఆ సిగ్గు చాలక ఇవాళ ఇంకో సిగ్గుమాలిన పని చేశాడు. వేలితో కొట్టి చూస్తే బొంగురుగా పలికిన బీటకుండను అయ్య అయితే అక్కడే పగలగొట్టేవాడు. పోలయ్య దాన్ని తెలిసి తెలిసి సభకు తెచ్చి, రాజుగారి ముందు పెట్టి, నిండా నీళ్లు పోశాడు.

చదవడం పూర్తయ్యేసరికి కుండ కారి రాజుగారి తివాచీ తడిసింది.

"ఎవడిదిరా ఈ ఓటికుండ?" అని రాజుగారు గద్దించారు.

"ప్రతి కుండా దివానుగారి చలవేనని ఇప్పుడే చదివారు కదా దొరా" అన్నాడు పోలయ్య, నేల చూస్తూ.

దివాను గాభరాగా లేచాడు. "అబద్ధం ప్రభూ! నేను జన్మలో మట్టి ముట్టుకోలేదు!"

రాజుగారు పకపకా నవ్వారు. "మరి నీ కథ ఏమని రాయించమంటావురా?" అని పోలయ్యనే అడిగారు.

పోలయ్యకు నవ్వు రాలేదు. తడిసిన తివాచీ వంకే చూస్తూ అన్నాడు:

"మంచి కుండలకు మా అయ్య పేరు రాయించండి దొరా. ఈ ఓటిదానికి మాత్రం నా పేరే."