మాట తప్పని చేగోడీలు

ఓరి నాయనా, ఆ తల ఊపడం ఆపి కాస్త విను. ఎవరైనా నీ మేలు కోరి నాలుగు మాటలు చెబుతుంటే, రెండో మాటకే చెప్పుల్లో కాళ్ళు పెట్టేస్తావు. మిగతా రెండూ నీకు ముందే తెలుసనుకుంటావు. గవర్రాజూ అలాగే అనుకున్నాడు. నవ్వొస్తే నవ్వుకో. ఎవరిని చూసి నవ్వుతున్నావో కూడా ఆలోచించుకో.

గవర్రాజు చక్కెర మిల్లులో చెరకు బళ్ళు తూకం వేసే గుమాస్తా. ఇంట్లో భార్య చిట్టెమ్మ, తమ్ముడు అప్పలకొండ. తెలివిలో తమను మించినవాళ్ళు చుట్టుపక్కల లేరని ముగ్గురికీ ఒకటే గర్వం. ఒకసారి మిల్లు మేనేజరు "నేను వచ్చేదాకా ఇక్కణ్ణుంచి కదలకు" అని చెప్పి, ఆ మాటే మరిచిపోయి సెలవు మీద ఊరెళ్ళాడు. గవర్రాజు తూకం గదిలోనే కూర్చున్నాడు. మిల్లు మూసేసినా కూర్చున్నాడు. తమ్ముడు కిటికీలోంచి అన్నం ముద్దలు అందించాడు. మేనేజరు తిరిగొచ్చి తల బాదుకుంటే, వీళ్ళు ఆ సంగతి చుట్టాలందరికీ గొప్పగా చెప్పుకున్నారు.

వాళ్ళది కారే పెంకుటిల్లు. వానొస్తే మంచం జరుపుకోవడానికి కూడా పొడి చోటుండదు. ఎలాగైనా పైన స్లాబు వేయించాలని చిట్టెమ్మ చేగోడీలు చేసి అమ్మడం మొదలెట్టింది. చేతిలో పనితనం ఉంది, కాదనను. గుల్లగా, కరకరలాడుతూ నోట్లో వెయ్యగానే విరిగేవి. బేరం బాగా సాగింది.

మిల్లులో తోటి గుమాస్తా ఒకాయన గవర్రాజును హెచ్చరించాడు. జీతం మీద పన్ను మిల్లువాళ్ళే పట్టుకుంటారు గానీ, చేగోడీల లాభం మీద పన్ను ఎవరికి వారే కట్టుకోవాలని, అదీ ఏడాది గడిచాక కాదు, ముందే విడతలుగా కట్టాలని చెప్పాడు. గవర్రాజు తమ్ముణ్ణి వెంటబెట్టుకుని ఆడిటరు కామేశం గారి దగ్గరికి వెళ్ళాడు.

"ఖర్చులు పోను ఈ ఏడాది ఎంత మిగులుతుందో అంచనాగా చెప్పండి. దాన్నిబట్టి నాలుగు విడతల్లో కడదాం" అన్నారాయన.

గవర్రాజు కళ్ళు మూసుకుని, తెరిచి, లక్షా ఇరవై వేలన్నాడు.

"మంచిది. మధ్యలో ఎక్కువో తక్కువో అయితే..."

"అవదండి. మా ఇంట్లో మాటంటే మాటే" అని లేచాడు. కామేశం గారి మాట ఇంకా నోట్లోనే ఉంది. అన్నదమ్ములిద్దరూ మెట్లు దిగిపోయారు.

వేసవి పెళ్ళిళ్ళకు చేగోడీలు డబ్బాలకు డబ్బాలు పోయాయి. దసరా వెళ్ళేసరికి లాభం లక్ష దాటి, చెప్పిన అంకె అంచుకు వచ్చి నిలబడింది. ఇంకేముంది, ఇంట్లో దిగులు మొదలైంది.

"అన్నయ్యా, ఇంకొక్క డబ్బా అమ్మామంటే నువ్వు అబద్ధాలకోరువైపోతావు" అన్నాడు అప్పలకొండ.

మర్నాడు ఓ పెళ్ళివారు బయానా పట్టుకుని వస్తే, గవర్రాజు గుమ్మంలో అడ్డంగా నిలబడి, మాకు లాభం నిండిపోయింది, వెళ్ళిరండి అన్నాడు. ధర చాలలేదేమోనని వాళ్ళు ఇంకాస్త ఎక్కువిస్తామన్నారు. అంతే, తలుపేసేశాడు. ఆ పెళ్ళివారు పక్క వీధిలో కొనుక్కున్నారు. ఆ తరవాతి పెళ్ళివారు అసలు ఈ వీధికే రాలేదు.

రోజూ వచ్చేవాళ్ళు మాత్రం వదల్లేదు. అప్పుడు చిట్టెమ్మకు ఉపాయం తోచింది. సగం ధరకిస్తే లాభమే ఉండదు కదా అంది. అంతే, ఊరు ఊరంతా వచ్చి పడింది. మూకుడు పొయ్యి దిగలేదు. నూనె కొట్లో బాకీ పెరిగింది, స్లాబు కోసం దాచిందంతా ఆ బాకీకే పోయింది. లాభం సగానికి సగం కరిగింది.

ఇప్పుడు అప్పలకొండ మళ్ళీ బుర్ర గోక్కున్నాడు. ఎక్కువైతే అబద్ధమైనప్పుడు తక్కువైనా అబద్ధమే కదా అన్నాడు. సరేనని ధర నాలుగింతలు చేశారు. ఇంకేముంది, గుమ్మం ముందుకు కుక్క కూడా రాలేదు.

"కొనేవాళ్ళు లేకపోతే మనమే కొందాం. వదిన అమ్ముతుంది, నువ్వు కొను. వచ్చిందంతా లాభం" అన్నాడు అప్పలకొండ.

గవర్రాజు పెరటి గుమ్మంలోంచి వెళ్ళి, వీధి చుట్టి, పైకండువా తలకు కట్టుకుని ముందుకొచ్చాడు.

"ఏమ్మా, చేగోడీలున్నాయా?"

"ఉన్నాయి బాబూ. ఏ ఊరు మీది?"

కాస్త తగ్గించమని అడిగాడు. బేరాల్లేవు, ఇష్టమైతే తీసుకో లేకపోతే నడువు అంది చిట్టెమ్మ. ఆ రాత్రి అన్నం దగ్గర, నీ వ్యాపారం భలేగా ఉందని గవర్రాజు ఆమెను మెచ్చుకున్నాడు కూడా.

పొద్దున డబ్బుల డబ్బాలో వేసిన నోట్లే మధ్యాహ్నం తీసుకెళ్ళి మళ్ళీ కొన్నాడు. అవే నోట్లు, అదే గుమ్మం. డబ్బాలో పడ్డ ప్రతిసారీ అప్పలకొండ లాభం కింద కలిపాడు. మూడు పూటలా చేగోడీలే తిని ముగ్గురికీ పళ్ళు కదిలాయి. పన్ను విడత వచ్చినప్పుడల్లా జీతం తీసి కట్టారు. మార్చి వచ్చేసరికి లాభం రూపాయి తేడా లేకుండా లక్షా ఇరవై వేలయింది.

పొంగిపోతూ కామేశం గారి దగ్గరికెళ్ళి జరిగిందంతా చెప్పారు. ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"అంచనా మారితే తరవాతి విడతలో సరిచేసుకోవచ్చని ఆ రోజు చెప్పబోయాను గవర్రాజు గారూ. మీరు నిలబడలేదు. ఇప్పుడు మీకు మిగిలిందంటూ ఏమీ లేదు. ఎక్కువ కట్టింది తిరిగి తెప్పిస్తాను. మరి వచ్చే ఏడాది ఆదాయం ఎంత అనుకుంటున్నారు?"

ఈ మాటతోనైనా బుద్ధి రావాలి. గవర్రాజుకు ఒళ్ళు మండింది. "సున్నా" అని చెప్పి లేచాడు.

"అంటే మీ జీతం కాకుండా..." అని ఆయన అంటూనే ఉన్నారు. మెట్ల మీద చెప్పుల చప్పుడు వినిపించింది.

నెల తిరిగింది. మిల్లులో క్యాషియరు జీతం లెక్కపెట్టి ఇవ్వబోతే గవర్రాజు చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

"ఈ ఏడాది నా ఆదాయం సున్నా అని మాట ఇచ్చానండి. ఇది పుచ్చుకుంటే మాట తప్పినట్టే" అన్నాడు.

నచ్చజెప్పారు. వినలేదు. జీతం పుచ్చుకోనివాణ్ణి కొలువులో ఉంచుకునే దారి లేదని మేనేజరు చెబితే, అక్కడికక్కడే రాజీనామా రాసిచ్చి, తలెత్తుకుని ఇంటికొచ్చాడు.

ఆ ఏడు వానలు ముందే దిగాయి. చేగోడీలు వేయించిన మూకుళ్ళన్నీ కారే చోట్ల కింద పెట్టుకుని, ముగ్గురూ తడిగోడకు ఆనుకుని ఆకలితో కూర్చున్నారు. గవర్రాజు మాత్రం ఆ ఏడాది ఇచ్చిన మాట పైసా తప్పలేదు.