చిక్కుడు మొలక మెడ ఎందుకు వంచింది?

ఒకప్పుడు చిక్కుడు మొలక తల పైకెత్తుకుని, సూదిలా నిటారుగా నేలలోంచి వచ్చేది.

ఆ కాలంలో ఎవరి పెరట్లోనూ పాదులుండేవి కావు. కాయలు కావాలంటే అడవికి పోవడమే. ఒక ఏడాది మేకలు పడి అడవిలోని చిక్కుడు తీగలన్నీ మేసేశాయి. మేకకు గడ్డం ఎందుకొచ్చిందో కూడా చెప్పాలిగానీ, అది మొదలుపెడితే ఈ చిక్కుడు ఎండిపోతుంది. లోకం మొత్తానికి మూడే గింజలు మిగిలాయి. అవి మంత్రసాని ఈరమ్మ కొంగుముడిలో ఉన్నాయి.

కాన్పులు చేయడంలో ఈరమ్మది గొప్ప చెయ్యి. మొక్కను పెంచడం మాత్రం అదే మొదలు. మొదటి గింజకు కుండలకొద్దీ నీళ్లు పోసింది. కుళ్లిపోయింది. రెండోది తల బయటపెట్టగానే, "రా తల్లీ, రా!" అంటూ పట్టి లాగింది. తల పుటుక్కున తెగి చేతికొచ్చింది.

"కాన్పు చేస్తున్నావా, పాదు పెడుతున్నావా?" అన్నాడు మొగుడు పెంటయ్య. "ఇక ఒక్కటే ఉంది. అదీ పోతే చిక్కుడన్న మాటే ఉండదు."

ఈరమ్మ మూడో గింజను పాతింది. ఈసారి మట్టి ఆరినప్పుడే నీళ్లు చిలకరించింది. కానీ ఆ చెయ్యి ఊరుకుంటేనా! పాదు మీదే ఆడుతోంది.

లోపల గింజ మట్టిని కరుచుకుంది. "అమ్మా, నేను రాను. పైన ఆ చెయ్యి కాచుకుని ఉంది."

"రాకపోతే ఇక్కడే కుళ్లిపోతావు," అంది నేలతల్లి. "తల కడుపులో దాచుకో. మెడ వంచి, వీపుతో తోసుకుంటూ పో."

"వీపు పట్టి లాగితే?"

"అది మంత్రసాని చెయ్యి. వీపు కనబడితే ఏం చేయకూడదో దానికి తెలుసు."

నేల పగిలింది. ఈరమ్మ చెయ్యి చాచింది. వేళ్లు తగలబోతుండగా తెల్లటి వంపు కనబడింది.

"అయ్యో, బిడ్డ అడ్డం తిరిగింది!" చెయ్యి గాలిలోనే ఆగిపోయింది.

"లాగవేం?" అన్నాడు పెంటయ్య.

"నోర్ముయ్యి మావా! అడ్డం తిరిగిన బిడ్డను లాగితే ప్రాణం పోతుంది."

చేతులు రెండూ చంకల్లో ఇరికించుకుని కూర్చుంది. ఎండ ఎక్కింది. మొలక కదల్లేదు. పెంటయ్య కూడా వచ్చి పక్కన చతికిలబడ్డాడు.

అప్పుడు ఆ మెడ సన్నగా వణికింది. మట్టిలోంచి తలను మెల్లమెల్లగా తానే లాక్కుంది. రెండు బద్దలూ విప్పింది.

"నా చెయ్యి పడకుండానే పుట్టింది మావా!" అంటూ ఈరమ్మ బావురుమంది.

అప్పటినుంచే చిక్కుడు మొలక మెడ వంచుకుని నేల దాటుతుంది. పైన ఏ చెయ్యీ లేదని నమ్మకం కుదిరాకే తల ఎత్తుతుంది.