అతిథి ఎదుట ఎక్కుపెట్టని విల్లు

పూర్వం, ధర్మదేవత నాలుగు పాదాల నడక మాని మూడింటికి అలవాటుపడుతున్న యుగంలో, సముద్రతీరాన శోణపురాన్ని రుచిధ్వజుడనే రాజు పాలించేవాడు. సత్యసంధుడు, ప్రజావత్సలుడు. మాట ఇచ్చే తొందర ఒక్కటే ఆ మహానుభావుని లోపం. పర్వతదేశాధీశుడైన మిత్రుడు మరణశయ్యపై చేయి పట్టుకొని వేడుకోగా, "నీ కుమారుడు మణిరథుణ్ణి నేను కాచుకుంటాను" అని ప్రమాణం చేసి, ఆ దేశంపై తిరగబడిన కరాళులనే దైత్యులను అణచడానికి పదివేల సేనను పంపాడు. పన్నెండేళ్లు గడిచాయి. కరాళులు కొండలు దిగివచ్చి పల్లెలు కాల్చి గుహలలో మాయమవుతుంటే, అలలు తప్ప లోయలెరుగని శోణపుర వీరులు దారులు తప్పి, మంచుకు వణికి, ఏటేటా నేలకొరుగుతూనే ఉన్నారు.

నిండుసభలో వృద్ధమంత్రి నీతికేతుడు లేచి, "మహారాజా! బిడ్డ ఎప్పుడొస్తాడని అడిగే తల్లులకు ఇక సమాధానం చెప్పలేను. సేనను మరలించండి" అన్నాడు. సేనాపతి ఉగ్రబాహుడు భగ్గుమని, "ఇప్పుడు వెనుదిరిగితే పడినవారి ప్రాణాలు వ్యర్థమేనా? మరో పదివేలు పంపండి ప్రభూ!" అన్నాడు. ఇద్దరూ మంచివారే. మంచివారి తగవే ఒక పట్టాన తెగదు. మరలిస్తే మణిరథుడు దక్కడు, పంపితే తన బిడ్డలు దక్కరు. రాజుకు మూడు రోజులు అన్నం సహించలేదు.

నాలుగవనాడు సభకు వేంచేసిన శ్యావాక్ష మహర్షి, కోపం తక్కువ, చమత్కారం ఎక్కువ గల తపోధనుడు, అంతా విని పకపక నవ్వాడు.

"బాగుంది నాయనా! రోగిని ఇంట్లో ఉంచుకొని వైద్యులు వీధిలో వాదులాడుకున్నట్లుంది. ఆ మణిరథుణ్ణి ఒక్కరైనా అడిగిన పాపాన పోయారా?"

రాజు సిగ్గుపడి ఆ పూటే పర్వతదేశానికి బయలుదేరాడు. మణిరథుడు పాదాలు కడిగి ఆసనమిచ్చాడు. "మా సేన ఇంకెంతకాలం కావాలి నాయనా?" అని రాజు అడుగగా ఆ యువకుడు కన్నీరు పెట్టుకున్నాడు.

"పితృతుల్యా! అతిథి ఉండగా గృహస్థు విల్లు ఎక్కుపెడితే అతిథిని పొమ్మన్నట్లని మా కొండసీమ ఆచారం. మీవారు వచ్చిననాడే మా ముప్పైవేల విలుకాండ్రు వింటినారులు విప్పేశారు. కరాళుల గుహలన్నీ మావారికి తెలుసు. కాని మాకోసం ప్రాణాలిచ్చేవారిని వెళ్లమని ఏ నోటితో చెప్పను?"

రాజు ఆసనం దిగాడు. ఆ కుర్రవాణ్ణి అక్కున చేర్చుకొని, "ఓరి పిచ్చి తండ్రీ! మర్యాదకు పోయి నువ్వు, మాటకు పోయి నేను, ఎంతమంది బిడ్డలను పోగొట్టుకున్నాం! మావాళ్లు ఇంటికి వెళతారు. నేనుంటాను. మీ నాన్న నిన్ను నా చేతిలో పెట్టిననాడే నేను ఈ ఇంటివాణ్ణి, అతిథిని కాను. ఎక్కుపెట్టు!" అన్నాడు.

సేన కొండ దిగింది. ముప్పైవేల విండ్లకు ఒక్కసారిగా నారులు ఎక్కాయి. గుహల దారులన్నీ మూసుకుపోగా కరాళులు ఏడవనాటికి గడ్డికరచి శరణన్నారు.

అప్పుడు దేవసేనాని, మయూరవాహనుడు అయిన కుమారస్వామి ప్రత్యక్షమై, "ఒంటరిగా నిలిచి మాట నిలుపుకున్నావు. వరం కోరుకో" అన్నాడు.

"పడిన నా బిడ్డలను తిరిగి ఇయ్యి స్వామీ!"

షణ్ముఖుడు ఆరు ముఖాలూ వంచుకున్నాడు. "ఆ శక్తి ఏ సేనానికీ లేదు నాయనా. మరొకటి కోరు."

రాజు తన సేన దిగివెళ్లిన దారివైపు చూశాడు. చివరకు, "ఐతే మా ఊరివారు ఈ కొండలెక్కితే ఇకమీదట విందుకే ఎక్కాలి" అన్నాడు.

"తథాస్తు!"

మరుసటి ఏడే మణిరథుని వివాహం. బిడ్డలను పోగొట్టుకున్న తల్లులందరినీ పల్లకీలలో రప్పించి, మొదటి పంక్తిలో కూర్చోబెట్టి, పెండ్లిబట్టలతోనే మణిరథుడు ఒక్కొక్కరికీ "అమ్మా" అంటూ వడ్డించాడు. చాలామంది తినలేకపోయారు. అయినా విస్తరి ముందు నుండి ఒక్కరూ లేవలేదు.

ఈ కథను భక్తితో విన్నవారి ఇండ్లలో, పోరుకు వెళ్లిన బిడ్డలు క్షేమంగా తిరిగివత్తురు గాక.