సాలీడుతో వంతులకు పోయిన నూకరత్నం

ఇటు తిరిగి పడుకో, చెబుతా. ఊఁ కొట్టకపోతే ఆపేస్తాను మరి.

అనగనగా ఒక ఊళ్ళో కొబ్బరికాయలు ఒలిచే సూరన్న, వాడి పెళ్ళాం నూకరత్నం. సూరన్నకి తోటలో అరచెయ్యంత బొచ్చు సాలీడు దొరికింది. దానికి బుజ్జమ్మని పేరెట్టి, గాజుపెట్టెలో పెంచుకుంటున్నాడు.

పొద్దున్న లేస్తూనే పెట్టె మూత తీసి, అది తినగా మిగిలిన మిడత కాళ్ళు పట్టకారుతో ఏరేవాడు. అప్పుడు బూజు పట్టిన చోట పాత పొట్టు తీసేసి కొత్త కొబ్బరిపొట్టు పరిచేవాడు. ఆ తర్వాత చిన్న మూకుట్లో నీళ్ళు మార్చేవాడు. అంతా అయ్యాక, అది దాక్కునే కొబ్బరిచిప్పలోకి తొంగిచూసి, "ఏం బుజ్జమ్మా, నిద్ర పట్టిందా?" అని అడిగేవాడు.

నూకరత్నానికి ఒళ్ళు మండిపోయేది. ఇల్లు ఊడ్చేది తను, నీళ్ళు తోడేది తను, వండేది తను. నిద్ర పట్టిందా అని తననెవరు అడిగారు? ఎనిమిది కాళ్ళున్నదానికి ఇంత వైభోగమా! పాపం, సాలీణ్ణి చూసి కుళ్ళుకుంటున్నానని ఎవరితో చెప్పుకుంటుంది, నవ్విపోరూ?

ఒకరోజు చాప పరుచుకుని ముసుగుతన్ని పడుకుంది.

"రత్నం, ఇల్లు ఊడవలేదేం?" అన్నాడు సూరన్న.

"బుజ్జమ్మ ఊడుస్తోందా?" అంది ముసుగులోంచే. చేసేదేముంది, వాడే ఊడ్చాడు.

మర్నాడు బిందె ఖాళీ. "బుజ్జమ్మ తోడుతోందా?" అంది. వాడే తోడాడు.

ఆ తర్వాత పొయ్యి వెలగలేదు. "బుజ్జమ్మ వండుతోందా?" అంది. వాడే వండాడు. అన్నం మాడబెట్టాడనుకో! అయినా కంచంలో పెట్టి చాప దగ్గరికే తెచ్చిచ్చాడు.

అన్నీ కాళ్ళ దగ్గరికే వస్తున్నాయి. అయినా నూకరత్నానికి కుళ్ళు తగ్గితేనా! ఇంకేం కావాలో తనకే తెలీలేదు.

మర్నాడు పొద్దున్న సూరన్న పెట్టె శుభ్రం చేసి, చిప్పలోకి వంగి, "ఏం బుజ్జమ్మా, నిద్ర..." అన్నాడో లేదో, ముసుగులోంచి ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినబడింది. ఠక్కున ఆగిపోయాడు.

అప్పుడు పట్టకారు కింద పెట్టి, చాప దగ్గరికొచ్చి గొంతుక్కూర్చున్నాడు. ముసుగు కాస్త ఎత్తి తొంగిచూశాడు.

"ఏం రత్నం, నిద్ర పట్టిందా?"

నూకరత్నం బావురుమంది. "పట్టలేదు మావా. ఆ సాలీడొచ్చిన దగ్గర్నించీ పట్టలేదు."

ఆ తర్వాత కళ్ళు తుడుచుకుని లేచి, బుజ్జమ్మ మూకుట్లో తనే నీళ్ళు పోసింది. చీపురు మాత్రం సూరన్న చేతిలో పెట్టింది.

నిద్ర పట్టిందా అని పొద్దున్నే నిన్ను నేనడుగుతాలే, కళ్ళు మూసుకో.

కథేమో కంచికి, సాలీడు చిప్పలోకి, నువ్వూ నేనూ దుప్పట్లోకి.