చిలుక నేర్పని జవాబు

అనగనగా ఒక అడవిలో ఒక ఏడాది వాగులన్నీ ఎండిపోయాయి. ఏనుగుల మడుగులో మాత్రమే నీళ్లు మిగిలాయి. అక్కడి తల్లి ఏనుగులు మేతకు వెళ్తే పిల్లలను కాచేవాళ్లు కావాలని ఆ మడుగుకు పెద్దయిన ఏనుగు పెద్దమ్మ చాటింపు వేయించింది. పని దొరికినవాళ్లు పిల్లలతో సహా నీళ్లు తాగుతూ మడుగు పక్కనే ఉండొచ్చు.

చుక్కమ్మ అనే దుప్పికి ఆ పని కావాలి. దాని పిల్లకు దాహంతో నాలుక పిడచకట్టుకుపోయింది.

"భయపడకు వదినా," అంది దాని నేస్తం చిలుక. "పెద్దమ్మ ఏమడిగినా ఇదే చెప్పు. నాకు ఓర్పెక్కువ, ధైర్యమెక్కువ, పిల్లలంటే ప్రాణం. అంతే!"

పిల్లను వెంటబెట్టుకుని, దారంతా అదే వల్లించుకుంటూ వెళ్లింది చుక్కమ్మ.

ముందు నెమలి వంతు. "కష్టమొచ్చినప్పుడు ఏం చేశావయ్యా?" అని అడిగింది పెద్దమ్మ.

"నాకా? కష్టమా?" అని పురి విప్పింది నెమలి. పెద్దమ్మ పంపేసింది.

తర్వాత కొండముచ్చు. "పులి వస్తే తోక పట్టుకుని గిరగిరా తిప్పేస్తా!"

"వస్తే సంగతి తర్వాత నాయనా. వచ్చినప్పుడు ఏం చేశావు?"

కొండముచ్చు తోక ముడుచుకుని పక్కకు తప్పుకుంది.

చుక్కమ్మ ముందుకొచ్చింది. "నాకు ఓర్పెక్కువ..."

"ఎప్పుడు పనికొచ్చింది?"

చుక్కమ్మకు ఏమీ అర్థం కాలేదు. ఇది చిలుక చెప్పలేదే! "ధైర్యమెక్కువ..."

"ఏదీ, ఒక్కసారి జరిగింది చెప్పు."

"పిల్లలంటే ప్రా..." మాట మధ్యలో ఆపి పిల్లవైపు చూసింది. "మొన్న ఒకటి జరిగింది పెద్దమ్మా. చెప్పొచ్చో లేదో. నేను చేసింది తప్పో ఒప్పో కూడా తెలీదు."

"చెప్పమ్మా."

"రేచుకుక్కలు వచ్చాయి. నా పిల్లకి ఇంకా పరుగు రాదు. గడ్డిలో పడుకోబెట్టి, నేను వాటి కళ్లబడేలా అవతలికి పరిగెత్తాను. అన్నీ నా వెంటే పడ్డాయి. ముళ్లపొదల్లో దూరి తప్పించుకున్నా. మందలో అందరూ, పిల్లని వదిలేసి పారిపోయింది, ఇదేం తల్లి అన్నారు."

"మరి పిల్ల?"

"పెట్టినచోటే ఉంది. కదల్లేదు."

"ఆ తర్వాత?"

"ఇప్పుడు ఎక్కడికెళ్లినా ముందు దాన్ని దాచే చోటు చూసుకుంటున్నా. అంతే పెద్దమ్మా. ఇక ధైర్యం సంగతి చెప్పనా?"

పెద్దమ్మ తొండం చాపింది. చుక్కమ్మ బెదిరి వెనక్కి తగ్గింది. తొండం దాన్ని దాటి వెళ్లి, పిల్లను మెల్లగా నీళ్లవైపు నెట్టింది.

"నేను నేర్పింది చెప్పావా వదినా?" కొమ్మ మీంచి అరిచింది చిలుక.

"ఏమో... చెప్పాననుకుంటా," అంది చుక్కమ్మ అయోమయంగా. పిల్ల నీళ్లు తాగుతున్న చప్పుడు తప్ప దానికి ఇంకేమీ వినబడడం లేదు.

నీతి: నీ గుణమేమిటని ఎవరైనా అడిగితే, అది అక్కరకొచ్చిన రోజు నువ్వేం చేశావో చెప్పు.