చుక్కి మార్చిన దారులు

కొండ అవతల సెలయేటి ఒడ్డున ఎలుగు భూదమ్మ ఆకుపసరు వైద్యం నేర్పేది. ఎక్కడో పచ్చికబయళ్లలో తల్లిని వదిలి, ఆ చదువు కోసం వచ్చింది చుక్కి అనే లేడిపిల్ల. ఆకు వాసన చూసి ఏ రోగానికి పనికొస్తుందో ఇట్టే చెప్పేది.

ఓరోజు నక్క పరంధామం ఎదురై, "బాగున్నావా అమ్మాయ్?" అన్నాడు. మర్యాదకు తలూపింది. మర్నాటి నుంచి ఆమె పడుకునే పొద ముందు రేగుపళ్లు. నీళ్లకెళ్తే అవతలి గట్టున వాడే. పాఠం వదిలే వేళకు బండ మీద వాడే.

"నాకిష్టం లేదు. నా వెంట రావద్దు," అంది చుక్కి.

"దారి మీ తాతదా? నడిచినా తప్పేనా?" అని నవ్వాడు నక్క.

తోటి విద్యార్థిని కుందేలు రంగికి చెబితే, "కరిచాడా ఏమన్నా? పళ్లేగా! నీ మీద మనసుపడ్డాడే!" అంది. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం. చుక్కి ఇక ఎవరికీ చెప్పలేదు. పొద మార్చింది, దారి మార్చింది. కొత్త పొద ముందూ రేగుపళ్లే. ఆ రోజు తలూపకపోయుంటే బాగుండేదేమో, తప్పు తనదేనేమో అనుకుంటూ మేత మానేసింది. చివరికి పాఠమూ మానేసింది.

భూదమ్మే వెతుక్కుంటూ వచ్చింది. "ఏమైందే తల్లీ?"

"ఏం లేదవ్వా. వాడేం చేయలేదు," అని మొదలుపెట్టి, వెక్కివెక్కి ఏడుస్తూ అంతా చెప్పింది.

"విడిగా చూస్తే ఒక్కోటీ నూలుపోగే. కలిపి పేనితే ఉచ్చు. తప్పు నీది కాదమ్మా," అని భూదమ్మ ఆమెను ఎవరికీ చెప్పకుండా తన గుహకు తీసుకెళ్లింది. తర్వాత అడవినంతా పిలిచి పంచాయితీ పెట్టింది.

"అన్యాయం! ఆ పిల్ల ఎక్కడుంటుందో కూడా నాకు తెలీదు," అన్నాడు పరంధామం, చెవులు వాల్చి.

"సరేలే నాయనా. మొగలిపొదలో ఒంటరిగా పడుందట, నేను వెళ్లి చూడాలి," అంది భూదమ్మ.

"మొగలిపొదేంటి! మీ గుహలోనేగా, తూర్పు మూలన! నిద్రలో ఎలా ఉలిక్కిపడుతుందో పాపం..."

అందరూ నక్క వైపు తిరిగారు. పొద చాటు నుంచి వింటున్న చుక్కి ఇంకా వెనక్కి జరిగింది.

"ఉలిక్కిపడటం చూడాలంటే ఎంత దగ్గరికి రావాలిరా?" అంది భూదమ్మ.

అప్పుడు, అలికిడైతే అరిచి హెచ్చరించే తీతువు పిట్ట తల దించుకుంది. "నేను రోజూ చూశాను. మనకెందుకులే అని అరవలేదు." రంగి ఏడ్చేసింది.

నక్కను ఏరు దాటించి తరిమేశారు. కానీ ఆ ఏడాది చదువు తిరిగి రాలేదు. తోటివాళ్లంతా వైద్యులై ఇళ్లకెళ్లారు. చుక్కి చిన్నపిల్లల మధ్య కూర్చుని, మళ్లీ మొదటి ఆకు చేత పట్టింది. భూదమ్మ పక్కనే నడుస్తున్నా, నాలుగడుగులకోసారి వెనక్కి చూస్తూనే ఉంది.

వద్దన్నాక వెంటపడేది వలపు కాదు, వేట. కంటబడిన రోజే కేక వేయాలి.